ఇంట్లో కట్టిన కిట్ కారుకి కాలిఫోర్నియాలో నంబర్ ప్లేటు: రెండు పుట్టినరోజుల కథ

మన తరంలో చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి. బడిలో వేసింది ఒకటి, అమ్మ చెప్పేది ఇంకొకటి. నాకు బడిలో జూన్ 1 వేశారు, అసలు పుట్టింది కార్తీకమాసంలోనట, ఆ రోజు వాన కూడా పడిందట. పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు అన్నీ మా హెడ్మాస్టరు గారు వేసిన జూన్ 1 మీదే నడుస్తున్నాయి. కాలిఫోర్నియాలో సొంతంగా కట్టిన కారుని రోడ్డెక్కించడం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెప్తాను, ఎందుకంటే ఇక్కడ కిట్ కారుకి, అంటే పార్టులు తెప్పించుకుని ఇంట్లో బిగించుకునే కారుకి కూడా రెండు పుట్టిన సంవత్సరాలుంటాయి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద ఒకటి, పొగ లెక్కలో ఇంకొకటి. ఆ రెండోదాన్ని సరిగ్గా వేయించుకుంటే స్మాగ్ టెస్టు, అంటే పొగ తనిఖీ గొడవ జీవితాంతం ఉండదు. వేయించుకోలేకపోతే, మీరు రెండేళ్లు కష్టపడి బిగించిన ఇంజిన్ ఈ ఏడాది షోరూంలో నిలబడ్డ కొత్త కారంత శుభ్రంగా ఉందని నిరూపించుకోవాలి. గ్యారేజీలో అది అయ్యే పని కాదు.

నేను కట్టింది ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్ల మార్క్ 4 రోడ్‌స్టర్. 1960ల నాటి షెల్బీ కోబ్రా అనే స్పోర్ట్స్ కారు ఆకారం. మసాచుసెట్స్‌లోని వేర్‌హామ్ నుంచి ట్రక్కులో చాసిస్, దాని మీద ఫైబర్ బాడీ, లెక్కపెట్టలేనన్ని అట్టపెట్టెలు దిగుతాయి. కంప్లీట్ కిట్ అని పేరే గానీ ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, చక్రాలు, టైర్లు, పెయింటు మనమే తెచ్చుకోవాలి. నేను పాత మస్టాంగ్‌లోంచి తీసిన 302 ఇంజిన్, టీ5 గేర్‌బాక్స్ వేశాను. ఈ టీ5 నాకు చేసిన మేలు కాసేపట్లో చెప్తాను.

ఇదంతా కాలిఫోర్నియాకే. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు దీన్ని పట్టుకుని అక్కడి కౌంటరు దగ్గర వాదించకండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి.

మీ కారు చట్టం దృష్టిలో ఏమిటి

ఇక్కడి వెహికల్ కోడ్‌లో 580వ సెక్షన్ ప్రకారం ఇలాంటి బండిని స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్ అంటారు. కాగితాల మీద పొట్టిగా ఎస్‌పీసీఎన్ఎస్ అని రాస్తారు. సొంత వాడకానికి కట్టుకున్నదై ఉండాలి, అమ్మడానికి కట్టింది కాకూడదు, లైసెన్సున్న తయారీదారు కట్టింది కాకూడదు. కిట్‌తో కట్టినా, కొత్త పాత పార్టులు కలిపి కట్టినా ఫర్వాలేదు. కానీ మీరు 1967 మస్టాంగ్ ఒకటి కొని, తుప్పు పట్టిన ముక్కలన్నీ మార్చి మళ్లీ 1967 మస్టాంగ్‌లాగే నిలబెడితే అది ఎస్‌పీసీఎన్ఎస్ కాదు, రిపేరు చేసిన మస్టాంగ్, అంతే.

ఇక్కడే ఒక పక్కదారి కనిపిస్తుంది. "ఎక్కడో పాత 1965 టైటిల్ ఒకటి దొరుకుతుంది, దాని మీద ఎక్కించేయ్, ఎవడు చూస్తాడు" అని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. వద్దు. డీఎంవీ (ఇక్కడి ఆర్టీఏ ఆఫీసు) ఫారాల మీద మీరు పెట్టే సంతకం, అబద్ధమైతే శిక్షకి సిద్ధం అని ఒప్పుకుంటూ పెట్టేది. మనలో సగం మంది గ్రీన్ కార్డు లైన్లోనో, సిటిజన్‌షిప్ లైన్లోనో ఉన్నవాళ్లం, ఒక బొమ్మ కారు కోసం ఆ రిస్కు దేనికి? నిజం చెప్పే దారిలోనే 1965 అనిపించుకునే వీలు ప్రభుత్వమే ఇచ్చినప్పుడు దొంగదారి అవసరమే లేదు.

ఎస్‌బీ 100: ఏడాదికి 500 సీట్లు

2001లో శాసనసభ ఎస్‌బీ 100 అనే బిల్లు పాస్ చేసింది. దాని సారం ఇది: ప్రతి కాలెండర్ సంవత్సరం మొదట వచ్చిన 500 ఎస్‌పీసీఎన్ఎస్ బండ్లకి, పొగ నియమాల కోసం ఏ సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోవాలో ఓనరే ఎంచుకోవచ్చు. రెండు దారులున్నాయి. ఒకటి, ఇంజిన్ ఏ కాలం ఇంజిన్‌ని ఎక్కువగా పోలి ఉందో ఆ సంవత్సరం. రెండు, బండి ఆకారం ఏ కాలం బండిని పోలి ఉందో ఆ సంవత్సరం. దేన్నీ పోలకపోతే 1960 వేస్తారు. అవును, పోలిక దొరకని దానికే ఇంకా పాత సంవత్సరం. ఎవరినీ పోలని పిల్లాడిని తాతగారి ఖాతాలో వేసినట్టు.

దీనికి ఎందుకింత విలువ అంటే, కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ బండ్లకి రెండేళ్లకోసారి చేసే స్మాగ్ చెక్ లేదు. నా కారు ఆకారం 1965 కోబ్రా. బాడీ ప్రకారం లెక్కేయమంటే 1965, స్మాగ్ చెక్ లేదు. లోపల కొత్త కొయోటీ 5.0 ఇంజిన్ ఉన్నా ఇదే లెక్క. అదే ఓనరు తెలివి తక్కువై ఇంజిన్ ప్రకారం అన్నాడనుకోండి, ఆ ఇంజిన్ పుట్టిన ఏడాదిలో దానికి ఉండాల్సిన పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు, సెన్సార్లు, పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బా, అన్నీ యథాతథంగా ఉండాలి, 1996 తర్వాతిదైతే ఇంజిన్ లోపాలు చెప్పే ఓబీడీ ప్లగ్గు కూడా మాట్లాడాలి. కాబట్టి ఏది ఎంచుకోవాలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. నాకు తెలిసి పాత ఆకారం బాడీ ఉన్నవాళ్లెవరూ ఇంజిన్ దారి పట్టలేదు.

ఒక చిన్న కిటుకు: 1966 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో సైలెన్సర్ పొగ మీద నియమాలు మొదలయ్యాయి. అందుకే అందరూ 1965, అంతకుముందు అంటారు. అప్పటికే క్రాంక్‌కేసు ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ఇక్కడ వాడుకలోకి వచ్చింది. అది పది పదిహేను డాలర్ల వస్తువు, ఒక రబ్బరు గొట్టం. పెట్టేయండి. వాల్వ్ కవర్ల మీద అందంగా బ్రీదర్లు కనబడాలని పీసీవీ పీకేసేవాళ్లుంటారు, పొగ లెక్క తేల్చే రెఫరీ అనే అధికారి ముందు ఆ అందం గురించి మాట్లాడాల్సి వస్తుంది.

ఈ 500 సీట్లు జనవరిలో మొదటి పనిదినం నుంచి ఇస్తారు. డీఎంవీలో ఫీజు కట్టి, సర్టిఫికెట్ ఆఫ్ సీక్వెన్స్ అనే కాగితం తీసుకోవాలి, దాని మీద నంబరు ఉంటుంది. అదే మీ సీటు. మన ఎంసెట్ కౌన్సెలింగ్ రాంకు కార్డు లాంటిదే, దాంతో కాలేజీలో చేరిపోయినట్టు కాదు, కానీ అది లేకుండా గేటు లోపలికి రానివ్వరు. తెల్లవారకముందే వెళ్లి క్యూలో నిలబడ్డ పాత రోజుల కథలు సీనియర్ బిల్డర్లు పెళ్లి భోజనాల కథల్లా చెప్తారు. ఏ ఏడాది ఎంత తొందరగా అయిపోతుందో ముందే చెప్పలేం కాబట్టి జనవరి మొదటి పనిదినానికి అపాయింట్‌మెంట్ వేసుకోండి, దొరక్కపోతే తలుపు తెరిచేసరికి అక్కడుండండి. కౌంటర్లో కూర్చునే వాళ్లకి ఇది రోజూ వచ్చే పని కాదు, పాపం వాళ్ల తప్పేం లేదు. అందుకని వెళ్లేటప్పుడు వెహికల్ కోడ్ 4750.1, హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 44017.4, ఈ రెండు సెక్షన్లు ప్రింటు తీసుకెళ్లండి. మెల్లగా, నవ్వుతూ, "ఎస్‌బీ 100 సీక్వెన్స్ నంబరు కావాలండి, సూపర్‌వైజర్ గారిని ఒకసారి అడుగుతారా" అంటే చాలు. గొంతు పెంచితే పని పెరుగుతుంది.

కాగితాలు, స్పానర్ పట్టుకోకముందే

నా రసీదులు మొదట్లో మైసూర్‌పాక్ డబ్బాలో ఉండేవి. దీపావళికి వచ్చిన డబ్బా, ఖాళీ అయ్యాక గ్యారేజీలోకి చేరింది. రెండో ఏడాదికి మూత పట్టలేదు. సగం రసీదులు థర్మల్ పేపర్ మీదివి, ఎండకి తెల్లగా అయిపోయాయి, కింద నెయ్యి మరక అంటుకుని నాలుగు కాగితాలు ఒకటైపోయాయి. మీరు అలా చేయకండి. ప్రతి రసీదు వచ్చిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి, ఒక ఫోల్డర్లో వేసి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్ ఉన్న ఫైల్లో పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం నాలుగు వస్తువులు: ఫ్రేము, బాడీ, ఇంజిన్, గేర్‌బాక్స్. వీటికి యాజమాన్యం రుజువు లేకపోతే బండి ఆగిపోతుంది. ఫ్రేము, బాడీకి కిట్ కంపెనీ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఇస్తుంది. అది ఒరిజినల్ కాగితం, బంగారం లాంటిది, లామినేషన్ చేయించకండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కొత్తవైతే ఇన్వాయిస్. పాతవైతే అమ్మినవాళ్ల పేరు, అడ్రసు, సంతకం, తేదీ, ధర, సీరియల్ నంబరు ఉన్న బిల్ ఆఫ్ సేల్. దానికి డీఎంవీ వాళ్ల రెగ్ 135 ఫారం ఉంది, అదే వాడితే మంచిది. మొత్తం బండి కొని విప్పేస్తుంటే దాని టైటిల్ పారేయకండి, దాన్ని జంక్ చేసినట్టు రసీదు కూడా ఫైల్లో ఉండాలి.

ఇప్పుడు నా టీ5 సంగతి. శనివారం సాయంత్రం ఎవరిదో గ్యారేజీలో నగదు ఇచ్చి కొన్నాను, ధర బేరమాడి తగ్గించానని కారులో వస్తూ ఈల కూడా వేశాను. చేతిలో ఉన్న రుజువు ఒక్కటే, చిరిగిన పసుప్పచ్చ చీటీ మీద "టీ5, పెయిడ్" అని రెండు మాటలు. రెండేళ్ల తర్వాత వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) తనిఖీలో ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న "ఇది ఎవరి దగ్గర కొన్నారు?" ఆ మనిషి అప్పటికి ఇల్లు మారాడు. పాత మెసేజీలు తవ్వి, ఆయన్ని పట్టుకుని, రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి, సీరియల్ నంబరు రాయించుకుని సంతకం చేయించుకున్నాను. మనిషి మంచివాడు, కాఫీ ఇచ్చాడు. ఆయనకి ఏ దేశమో పోయే పని పడి ఉంటే నా సంగతేంటో! బేరంలో మిగిలిన డబ్బులు పెట్రోలుకే పోయాయి. పార్టుల రుజువు సరిగ్గా లేక, బండి విలువ 5,000 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పూచీకత్తు బాండు పెట్టమనొచ్చు, అదో అదనపు ఖర్చు.

డీఎంవీకి తీసుకెళ్లే ఫారాలు: టైటిల్, రిజిస్ట్రేషన్ దరఖాస్తు రెగ్ 343, నేనే కట్టాను అని చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ రెగ్ 5036, బండిని చూసి నింపే రెగ్ 31. విలువ రాసేచోట నిజం రాయండి. లైసెన్సు ఫీజు బండి విలువలో 0.65 శాతం లెక్కన ఉంటుంది, దాన్ని తగ్గించుకోవాలని విలువ కోసేస్తే మిగిలేది కొంచెం, తలనొప్పి ఎక్కువ. అసలు దెబ్బ యూజ్ ట్యాక్స్. కాలిఫోర్నియా కనీస సేల్స్ ట్యాక్స్ 7.25 శాతం, ఊరిని బట్టి ఇంకా పైన. మీరు పార్టులు కొన్నప్పుడే ఇక్కడి ట్యాక్స్ కట్టి ఉంటే ఆ రసీదు చూపించి లెక్కలోంచి తీసేయించుకోవచ్చు, కట్టలేదంటే డీఎంవీలో కట్టాలి. రసీదులో ట్యాక్స్ గీత కనిపించేలా ఉంచమని చెప్పేది అందుకే. మా ఆవిడ అకౌంట్స్ మనిషి, రసీదులన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించి ట్యాక్స్ కట్టినవి ఒక రంగు, కట్టనివి ఒక రంగు వేసి ఇచ్చింది. కౌంటర్లో క్లర్కు ఆ షీటు చూసి ఇంకో ప్రశ్న అడగలేదు. మొత్తం ఖర్చు కూడా ఆ షీటు కిందనే బోల్డు అక్షరాల్లో కనబడుతుందని నేను ముందు ఆలోచించలేదు. ఇంట్లో ఆ సంఖ్య గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

సీహెచ్‌పీ దగ్గర

డీఎంవీ తర్వాత కాలిఫోర్నియా హైవే పాట్రోల్. వీళ్లు చూసేది పొగ కాదు, దొంగ సొత్తు. అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతుంది, నాకు ఐదు వారాలు పట్టింది, కాబట్టి డీఎంవీ నుంచి బయటికి రాగానే పార్కింగ్‌లో నిలబడే ఫోన్ చేయండి. బండిని ట్రైలర్ మీద తీసుకెళ్లండి, లేదా డీఎంవీ ఇచ్చే ఒక్కరోజు మూవింగ్ పర్మిట్ తీసుకోండి. ప్లేటు లేని కోబ్రాని సైడ్ పైపులతో హైవే పాట్రోల్ ఆఫీసుకి అనుమతి లేకుండా తోలుకెళ్లడం, మేకపోతు తనే కటికవాడి ఇంటికి నడిచెళ్లినట్టు.

ఆఫీసరు టార్చి లైటు పెట్టి ఇంజిన్ బ్లాకు మీది నంబరు చదివారు. నాది గ్రీజు కింద ఉంది. నేను కారు కట్టిన రెండేళ్లలో ఆ నంబరుని ఒక్కసారీ చూడలేదు! కాబట్టి ముందు రోజు రాత్రి బ్రేక్ క్లీనర్, వైర్ బ్రష్ పట్టుకుని ఇంజిన్, గేర్‌బాక్స్ నంబర్లు తుడిచి, ఫొటో తీసి, రసీదుల మీది నంబర్లతో సరిపోల్చుకోండి. ఒక అంకె తేడా ఉన్నా అక్కడ తెలియడం కన్నా ఇంట్లో తెలియడం నయం. గేర్‌బాక్స్ నంబరు కింద ఉంటే జాకీ ఎక్కించాల్సిన పని రాకుండా అద్దం పట్టుకెళ్లండి. రసీదులు నాలుగు వస్తువుల వరసలో పైన పెట్టండి, మిగతా నట్లు బోల్టుల రసీదులు వెనక. అన్నీ సరిపోతే కాలిఫోర్నియా ఇచ్చే కొత్త వీఐఎన్ నంబరున్న నీలం రేకుని బండికి రివెట్లు కొట్టి బిగిస్తారు. ఆ రివెట్ చప్పుడు వింటుంటే, బారసాలలో బియ్యంలో పేరు రాస్తున్నప్పుడు కలిగే అనుభూతి లాంటిది కలిగింది, నవ్వితే నవ్వండి.

బ్రేకులు, లైట్లు

ఇంతకుముందు బ్రేకులకో సర్టిఫికెట్, లైట్లకో సర్టిఫికెట్ విడివిడిగా ఉండేవి. 2024లో వాటి స్థానంలో వెహికల్ సేఫ్టీ సిస్టమ్స్ ఇన్‌స్పెక్షన్ అనే ఒకే తనిఖీ వచ్చింది. బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ లైసెన్సు ఉన్న స్టేషన్లోనే చేయించాలి. వెళ్లేముందు ఫోన్లో "ఇది కిట్ కారండి, చేస్తారా" అని అడగండి, కొంతమంది బండి చూశాక వెనక్కి పంపేస్తారు, వాళ్లకి అలవాటు లేని పని.

నేను మొదటిసారి ఫెయిలయ్యాను, నా నిర్లక్ష్యంతోనే. నంబర్ ప్లేటు మీద పడే చిన్న బల్బు పెట్టలేదు. ప్లేటే లేదు కదా, లైటు దేనికి అనుకున్నాను. చీకట్లో 50 అడుగుల నుంచి ప్లేటు కనబడాలని రూలు. ఇంకా చూసుకోవాల్సినవి: హెడ్‌లైట్లు నేల నుంచి 22 అంగుళాలకి తక్కువ, 54కి ఎక్కువ ఉండకూడదు. కోబ్రా లాంటి నేలబారు బండిలో స్ప్రింగులు బాగా దించేస్తే ఈ 22 దగ్గరే దొరికిపోతారు. హైబీమ్ వేసినప్పుడు డాష్‌బోర్డులో దీపం వెలగాలి, చాలామంది పాత రకం మీటర్లు పెట్టి ఇది మర్చిపోతారు. ఇండికేటర్లు, హారన్, వైపరు, సీటు బెల్టులు, ఎడమవైపు అద్దంతో పాటు ఇంకో అద్దం. రివర్స్ లైటు కూడా పెట్టేయండి, ఇది ఏ సంవత్సరం బండి అనే వాదన ఆ మెకానిక్‌తో మొదలుపెట్టకండి, ఆయనకి మీ ఎస్‌బీ 100 పురాణంతో పనిలేదు. హ్యాండ్ బ్రేకు కేబులు కొత్తలో సాగుతుంది, తనిఖీకి ముందు రోజు మళ్లీ బిగించి మీ వీధి ఏటవాలులో ఆపి చూడండి. చప్పుడు గురించి: 6,000 పౌండ్లలోపు బండికి 95 డెసిబెల్స్ హద్దు. సైడ్ పైపుల్లో చప్పుడు తగ్గించే బఫిల్స్ తీసేయాలన్న కోరిక ఉంటే ప్లేటొచ్చే దాకా ఆపుకోండి. ఆ తర్వాత కూడా ఆపుకుంటే మంచిదే, పక్కింటి ముసలాయనకి నిద్ర పట్టాలిగా.

రెఫరీ: పుట్టిన సంవత్సరం వేసే మనిషి

ఇదీ అసలు ఘట్టం. మామూలు స్మాగ్ షాపు వాళ్లు ఈ పని చేయలేరు. రెఫరీ అని ప్రత్యేకం, ఆ కార్యక్రమాన్ని కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల ఫౌండేషన్ నడుపుతుంది, చాలా చోట్ల కాలేజీల ఆటో షాపుల్లోనే కూర్చుంటారు. అపాయింట్‌మెంట్ వేసుకుని, సీక్వెన్స్ సర్టిఫికెట్, డీఎంవీ కాగితాలు పట్టుకుని వెళ్లాలి.

నేను ఇంజిన్ ఆపి దిగగానే ఆయన అడిగింది ఒక్కటే: ఇంజిన్ ప్రకారమా, బండి ప్రకారమా? "బండి ప్రకారం, 1965" అన్నాను. మా హెడ్మాస్టరు గారు గుర్తొచ్చారు. రెఫరీ బండి చుట్టూ తిరిగారు, ఫొటోలు తీశారు, బానెట్ ఎత్తించి పీసీవీ గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో వేలితో తడిమి చూశారు. నేను అసలు కోబ్రా ఫొటోలు నాలుగు ప్రింటు తీసి ఉంచాను, పనికొచ్చాయి. మీది కోబ్రా లాంటి అందరికీ తెలిసిన ఆకారం కాకపోతే ఈ ఫొటోలు తప్పనిసరి అనుకోండి. ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్లదే 818 అని సుబారు పార్టులతో కట్టేది ఒకటి ఉంది, దాని ఆకారం పాత బండి దేన్నీ పోలదు, అలాంటి వాటికే 1960 వేసేది.

చివర్లో ఒక స్టిక్కరు అంటించారు, ఎమిషన్ కంట్రోల్ లేబుల్. ఇక మీద మీ బండి పొగ లెక్క అదే చెప్తుంది. టైటిల్ మీద మేక్ (తయారీ పేరు) దగ్గర ఎస్‌పీసీఎన్ఎస్ అనే ఉంటుంది, మీరు కట్టింది షెల్బీ కాదు కదా. 1965 అన్నది పొగకి మాత్రమే. కొనేవాడికి "1965 కోబ్రా" అని చెప్పి అమ్మడానికి అది పనికిరాదు.

పరీక్ష లేకపోయినా నేను తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్లు పెట్టించాను. మొదట్లో లేకుండానే నడిపాను. గ్యారేజీ తలుపు పక్కనే మా ఆవిడ కరివేపాకు కుండీ, పదేళ్ల మొక్క, చలికాలం దాన్ని లోపల పెడతాం. ఇంజిన్ ట్యూనింగ్ చేసిన వారం రోజుల్లో ఇంట్లో పోపుకి పెట్రోలు వాసన వచ్చిందని కంప్లైంటు. నిజంగానే వచ్చింది, నేనే తిన్నాను. కన్వర్టర్లు ఉన్న సైడ్ పైపులు దొరుకుతాయి, కొంచెం ఖరీదు. చట్టం అడగదు, ఇల్లు అడుగుతుంది.

సీటు దొరక్కపోతే

వచ్చే జనవరి దాకా ఆగడం, నా మాటకి అదే మేలు. ఆగలేనంటే ఎస్‌బీ 100 లేకుండా రిజిస్టర్ చేయాలి, అప్పుడు పొగ నియమాలు ఇప్పటి సంవత్సరానివే వర్తిస్తాయి. కార్బ్ (రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు) ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే అనుమతి ఉన్న ఇంజిన్ ప్యాకేజీలు ఉన్నాయి, జీఎం వాళ్ల ఈ-రాడ్ లాంటివి, కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సార్లు, ఆవిరి డబ్బా, కంప్యూటర్ అన్నీ కలిపి వస్తాయి. కానీ ఆ ఆర్డరు మీ బండికి, మీరు రిజిస్టర్ చేసే ఏడాదికి వర్తిస్తుందా లేదా అన్నది ఇంజిన్ ఆర్డరు పెట్టకముందే రెఫరీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. అమ్మేవాడి మాట మీద వేలకి వేలు పెట్టకండి.

ఇన్సూరెన్స్ విషయంలో "అగ్రీడ్ వాల్యూ" పాలసీ తీసుకోండి, అంటే బండి పోతే ఎంత ఇస్తారో ముందే రాసుకునేది. మామూలు పాలసీలో మీ బండి విలువ వాళ్ల కంప్యూటర్లో దొరకదు. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా కనీస లయబిలిటీ ఒక మనిషికి 30,000, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు అయింది. కోబ్రా నడిపేవాడు ఆ కనీసం దగ్గర ఆగకపోతే మంచిది.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు, "అన్నయ్యా, ఇదే కిట్ కూకట్‌పల్లికి పంపిస్తే?" పంపిస్తే షెడ్డులో బొమ్మలా పెట్టుకోవాలిరా అంటాను. అక్కడ కొత్త మోడల్ రోడ్డెక్కాలంటే సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోని 126వ రూలు కింద పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ దగ్గర అప్రూవల్ కావాలి, అది కంపెనీల కోసం పెట్టిన దారి, ఇంట్లో ఒక్క బండి కట్టుకున్నవాడి కోసం కాదు. ఉన్న బండినే మార్చుకుందామన్నా మోటార్ వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అడ్డం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కూడా. మన ఆర్టీఏ ఆఫీసులో 1965 పుట్టుక వేసే రెఫరీ లేడు.

ఒక్క విషయం మర్చిపోయాను. రిజిస్ట్రేషన్ అంతా పెయింటు వేయకముందే, జెల్‌కోటు (ఫైబర్ మీది పై పూత) బాడీ మీదే చేయించాను, అదే మంచిది, మార్పులేమైనా చెప్తే రంగు చెడదు. కానీ తర్వాత పెయింటుకి ఇచ్చినప్పుడు నీలం రేకు మీద, రెఫరీ స్టిక్కరు మీద మీరే దగ్గరుండి టేపు వేయండి. పెయింటరు బాడీ గీకుతూ ఆ స్టిక్కరు కూడా గీకేస్తే మళ్లీ రెఫరీ అపాయింట్‌మెంట్, మళ్లీ ట్రైలరు. నేను మూడు పొరలు టేపు వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో "డోంట్ టచ్" అని రాసి, ఫొటో తీసి పెయింటరుకి మెసేజ్ కూడా పెట్టాను.